చేతికి నేర్పని కళ్లజోడు

ఇనుమును తిప్పుతూ చెక్కే ఆ లేతు షెడ్డులో మేస్త్రి నలభై ఒక్క ఏళ్లు పనిచేశాడు. అరిగిన పంపు షాఫ్టుని వేలితో తడిమి ఎంత అరిగిందో చెప్పగలడు. ఆయన చేతికింద డెబ్భై మంది పని నేర్చారు, ఒక్కరి వేలికీ గాటు పడలేదు. అలాంటి మనిషితో కొత్త మేనేజరు, "ఇక మీరు నేర్పక్కర్లేదు మేస్త్రిగారూ, ఉత్తుత్తి లేతును కళ్లముందు చూపించే వీఆర్ కళ్లజోడే నేర్పేస్తుంది. కొత్తగా పనిలో చేరిన మీ కోడలికే అందులో నూటికి తొంభై ఎనిమిదొచ్చాయి" అన్నాడు.

మేస్త్రికి ఒళ్లు మండింది.

ఆ ఉదయమే మేనేజరు చూస్తుండగా కోడలు మొదటిసారి నిజం లేతు ముందు నిలబడింది. ఇనుప కడ్డీని పట్టుకుని తిప్పే చక్‌లో పెట్టి, దాని కీతో గట్టిగా బిగించింది. కీని అందులోనే వదిలేసి స్విచ్ మీద చెయ్యి వేయబోయింది. చక్ తిరిగితే ఆ కీ తూటాలా ఎగిరి ముఖం పగలగొడుతుంది. మేస్త్రి ఒక్క అంగలో వెళ్లి మెయిన్ స్విచ్ ఆపేశాడు.

"కీ ఎవరు తీస్తారమ్మా, మీ మేనేజరా?"

"కళ్లజోడులో బిగించగానే కీ దానంతటదే మాయమైపోయేది మామయ్యా!" అంది కోడలు.

"విన్నారా సార్? మరిచిపోవడం కూడా నేర్పి పంపారు! ముఖం పగిలితే మీ తొంభై ఎనిమిదీ అతికిస్తాయా?"

మేస్త్రి మేనేజరు జవాబు కోసం ఆగలేదు. కోడలి చేత కీ పెట్టించి, తీయించి, మళ్లీ పెట్టించాడు. తీయడం ఆమె చేతికి అలవాటయ్యేదాకా మెయిన్ వేయనివ్వలేదు.