అక్క పేరుతో బతికిన మామ్మగారు

మా పక్కింటి మామ్మగారు ఈ సెప్టెంబరులో నిద్రలోనే పోయారు. పొద్దున్నే ఆవిడ మేనకోడలు మా తలుపు తట్టి చెప్పింది. కాఫీ వాసన రాకపోయేసరికి అనుమానం వచ్చి గదిలోకి వెళ్ళి చూసిందట. ఈ లూసియానా ఊళ్ళో, అందులోనూ ఆ ఇంట్లో, పొద్దున కాఫీ వాసన రాలేదంటే అనుమానించాల్సిందే.

డెబ్భైల చివర చక్కెర మిల్లులో ఉద్యోగానికి ఇక్కడికి వచ్చినప్పుడు నన్ను మొదట పలకరించింది ఆవిడే. పేరు అడిగారు. చెప్పాను. అది ఎవరి పేరని అడిగారు. నాదేనన్నాను. నాకు ముందు ఎవరిదన్నారు. మా తాతగారిదని ఒప్పుకున్నాక గాని లోపలికి రానివ్వలేదు.

ఫ్రెంచివాళ్ళు ఈ నేలను ఏలిన రోజుల్లో ఓడ దిగిన ముత్తాతల దగ్గర్నుంచి తన వంశాన్ని వెతకడమే ఆవిడ వ్యాపకం. చూపు మందగించి డ్రైవింగ్ మానేశారు కనుక శనివారాలు నేనే కారులో పాత చర్చిలకు, అక్కడి బాప్తిస్మాల రిజిస్టర్లు చూడడానికి తీసుకెళ్ళేవాణ్ణి. మావైపు ప్రతివాడి పేరులోనూ వెంకట ఉన్నట్టు, ఆ వంశంలో ప్రతి ఆడపిల్లా మరీయే, అంటే మన మరియ. ఆ పక్కన జ్ఞానతల్లి, అంటే బాప్తిస్మమప్పుడు బిడ్డను ఎత్తుకున్నావిడ పేరు. ఇంట్లో పిలిచేది మళ్ళీ వేరే. ఏ మరీ ఎవరి కూతురో తేలేసరికి నాకు తల తిరిగేది, ఆవిడకు ఆకలి వేసేది. “పేరు ఇంటిది. మనం కొన్నాళ్ళు వాడుకుని ఇచ్చేస్తాం,” అనేవారు.

ఒకసారి ఒకే తల్లికి ఒకే పేరుతో ఇద్దరు కూతుళ్ళు కనిపించారు. రాసినవాళ్ళు పొరబడ్డారన్నాను. కాదట. పసిబిడ్డ పోతే ఆ పేరే తర్వాతి బిడ్డకు పెట్టడం వాళ్ళ ఆనవాయితీ. మా దగ్గర ఇందుకు పూర్తిగా విరుద్ధమని చెప్పాను. పిల్లలు దక్కకపోతే తర్వాతి వాడికి పెంటయ్య అని పెడతారని, మృత్యువు అసహ్యపడి వదిలేస్తుందని నమ్ముతారని, మా పెదనాన్న అలాంటి పెంటయ్యేనని చెప్పాను. కారు అద్దాలు అదిరేలా నవ్వారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“మీవాళ్ళే నయం,” అన్నారు చివరికి. “మా ఇంట్లో నేను రెండోదాన్ని.”

ఆవిడ తల్లిదండ్రుల సమాధి పక్కన ఇటుకలతో కట్టిన చిన్న దిమ్మె ఉంది. దాని మీద ఏమీ రాసి లేదు. ఏటా నవంబరు ఒకటిన, పోయినవాళ్ళను తలుచుకునే పండక్కి, ఊరంతా సమాధులకు సున్నం వేస్తుంది. వాళ్ళమ్మ ఎప్పుడూ ముందు ఆ దిమ్మెకే వేసేదట. బతికున్న పిల్ల పేరు సమాధి మీద చెక్కితే కీడని అలాగే ఉంచేసిందట. “నేను ఉన్నన్నాళ్ళూ మా అక్కకు పేరు లేదు,” అన్నారు మామ్మగారు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ ఊరుకోలేదు. “వాళ్ళమ్మ ఎప్పుడో పోయారు కదండీ. ఇప్పుడు చెక్కిస్తే ఎవరు కాదంటారు? ఆవిడకి చెప్పి చూడండి,” అంది. చెప్పాను. అమ్మ మాట దాటనన్నారు. తను పోయాక మాత్రం ఆ దిమ్మె పక్కనే పడుకోబెట్టి, ఇద్దరికీ కలిపి ఒకే రాయి పెట్టించాలన్నారు. మేనకోడలికి ఇవన్నీ చాదస్తంగా తోస్తాయి కనుక నన్ను మాట అడిగారు. ఇచ్చాను.

నాకు ఏడుపు రాలేదు. శనివారాలు ఏం చేయాలో మాత్రం తెలియడం లేదు. మేనకోడలు తన మేనత్తకి విడిగా మంచి పాలరాయి పెట్టిద్దామంది. మామ్మగారు అడిగింది చెప్పాను. సరేనంది. రాయి చెక్కే మనిషి నేను రాసిచ్చింది చూసి, పొరపాటు పడ్డానేమోనని ఫోన్ చేశాడు. పొరపాటేమీ లేదు, అలాగే చెక్కమన్నాను.

మొన్న నవంబరు ఒకటిన చూశాను. పేరు ఒక్కసారే ఉంది. దాని కింద రెండు వరుసలు. మొదటి వరుసలో పుట్టుక, చావు ఒకే ఏడాదివి. రెండో వరుసలో పుట్టుక ఆ మరుసటి ఏడాదిది.