నచ్చకపోయినా వచ్చే మనిషి

మద్దిలపాలెంలో బస్సెక్కి కూలబడగానే ఎండుచేపల వాసన ముక్కుకి తగిలింది. వెనక సీటులో ఎవరిదో గంప. పక్కనున్నామె కొంగు అడ్డం పెట్టుకుంది. రిహార్సల్ నుంచి కాళ్ళీడ్చుకుంటూ వస్తున్న నేను మాత్రం ఆ వాసన గుండెల నిండా పీల్చుకున్నాను. నూకరాజు బాబాయ్ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

ఆయన నాకు చుట్టం కాదు. సముద్రం మీద చేపల వేటకెళ్ళే మనిషి. నేనప్పట్లో పద్యనాటకాల్లో రాణి వేషాలు కట్టేదాన్ని. ఊళ్ళో ఎక్కడ ఆడినా హార్బర్ నుంచి తిన్నగా వచ్చి రెండో వరసలో కూర్చునేవాడు. చొక్కాకి అంటిన చేపల వాసనకి అటూ ఇటూ కుర్చీలు ఖాళీగా ఉండేవి. నేను పద్యం ముగించి రాగం తీయగానే "వన్స్ మోర్!" అని మొట్టమొదట అరిచేది ఆయనే. ఆ తర్వాత హాలంతా అందుకునేది. ఇక హార్మోనియం పద్యం మొదటికి వెళ్ళాల్సిందే, నేను మళ్ళీ పాడాల్సిందే. పాడకపోతే చూసేవాళ్ళని అవమానించినట్టు. ఓసారి జలుబు చేసి, "బాబాయ్, గొంతు పోయింది, ఇవాళ అరవకు" అని బతిమాలాను. "నానరవకపోతే పద్యం బాగోనేదనుకుంటావు పాపా" అని నవ్వాడు. ఆ రోజూ అరిచాడు మహానుభావుడు.

కొన్నాళ్ళకి ఆ కిరీటం మీద నాకు విసుగు పుట్టింది. నేనే ఒక నాటకం రాసుకున్నాను. పద్యం లేదు, హార్మోనియం లేదు. షిఫ్ట్ అయిపోయినా బయటికి రాని భర్త కోసం ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డ ఒక ఆడది, అంతే. మా నాటక సమాజం యజమాని, "ఆ పిచ్చిపని చేస్తే మళ్ళీ రాణి వేషం అడక్కు" అని మొహం మీదే చెప్పాడు. నాకు వేరే బతుకుతెరువు లేదు. ఒక్కసారి ఆడి, బోల్తా కొడితే నోరు మూసుకుని వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకుందామనుకున్నాను.

బోల్తా కొట్టింది. కాసేపటికే కుర్చీలు కిర్రుమన్నాయి, జనం లేవడం మొదలుపెట్టారు. నేను గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడుగుతున్నాను, "మా ఆయనింకా రానేదేటి బాబూ?" అని. వాచ్‌మన్ మొహం తిప్పుకున్నాడు. అప్పుడు రెండో వరసలోంచి వినిపించింది: "వన్స్ మోర్!"

హాలు గొల్లున నవ్వింది. పాపం, వెళ్ళిపోయేవాళ్ళని ఆపడానికి ఆయనకి తెలిసిన పని అదొక్కటే. ఆపేసి లోపలికి పోదామనుకున్నాను. కానీ ఏళ్ళ తరబడి అలవాటు పడ్డ ఒళ్ళు కదా, ఆ మాట వినగానే వెనక్కి నడిచింది. మళ్ళీ గేటు దగ్గరికొచ్చి అదే మాట అడిగాను. నవ్వులు తగ్గాయి. ఎవరూ అరవకుండానే ఇంకోసారి వెళ్ళి, ఇంకా మెల్లగా అడిగాను. గుమ్మం దాకా వెళ్ళినవాళ్ళు అక్కడే ఆగిపోయి, చివరిదాకా నిలబడి చూశారు.

ఆట అయ్యాక తెర వెనక్కి వచ్చాడు.

"నచ్చిందా బాబాయ్?"

"నచ్చనేదు పాపా. పద్యం నేదు, పాట నేదు. ఊరికే నిలబడ్డం ఏటి?" తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ అడిగాడు, "మల్లీ ఎప్పుడాడతావు?"

నాకు ఒళ్ళు మండింది. "నచ్చకపోతే మళ్ళీ ఎందుకు?"

"నచ్చిందానికే వత్తన్నానేటి? నీ నాటకానికి వత్తన్నాను. ఈపాలి ఏటి సేత్తావో సూడాల గదా!"

నేనిక యజమాని దగ్గరికి వెళ్ళలేదు. ఆ తర్వాత వేసిన ప్రతి నాటకానికీ బాబాయ్ వచ్చాడు. చాలావాటిని నచ్చలేదనే అన్నాడు. ఇంకెప్పుడూ వన్స్ మోర్ అనలేదు. మళ్ళీ ఎప్పుడని మాత్రం అడిగేవాడు.

ఆయన పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు ఆట అయ్యాక జనం చుట్టూ మూగి, "చాలా బాగుందండీ" అని సెల్ఫీలు తీసుకుంటారు. తర్వాతి నాటకానికి కనిపించరు. నాకూ ఓపిక అయిపోతోంది. హాలు కోసం తిరగాలి, నటుల్ని బతిమాలుకోవాలి, మోకాళ్ళు సహకరించవు. మొన్న ఆ యజమాని కొడుకు ఫోన్ చేసి రాణి వేషం ఉందన్నాడు. సరేనన్న మాట నోటిదాకా వచ్చింది, ఆలోచించి చెప్తానన్నాను.

ఇప్పుడు రిహార్సల్ చేస్తున్న నాటకంలో అసలు మాటలే తక్కువ. బాబాయ్ చూస్తే కచ్చితంగా నచ్చలేదనేవాడు. ఆ మాట చెప్పడానికైనా వచ్చేవాడు. బస్సులోంచే యజమాని కొడుక్కి ఫోన్ చేసి రానని చెప్పేశాను.