రేమండ్ మోకాలు

నిన్న మందుల షాపులో నా ముందు నిలబడినాయన కీళ్లనొప్పుల ఆయింట్‌మెంట్ మూత తీసి వాసన చూశాడు. ఆ ఘాటు ముక్కుకు తగిలిందో లేదో, నాకు మా పాత క్లినిక్, అందులో బల్లమీద కాళ్లు చాపుకుని కూర్చున్న రేమండ్ గుర్తొచ్చాడు. నా వంతు వచ్చినా కదల్లేదు. వెనకావిడ విసుక్కుంది.

ఎనభైల మొదట్లో మేం డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉండేవాళ్లం. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు, నేను ఫిజియోథెరపిస్టుని. ఒక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ టీమ్ దెబ్బలు తగిలిన ఆటగాళ్లను మా క్లినిక్‌కి పంపేది. అమెరికావాళ్ల ఫుట్‌బాల్ మనకు తెలిసింది కాదు. బంతిని చంకలో ఇరికించుకుని, గోడలా అడ్డం నిలబడ్డ మనుషుల మధ్య సందు వెతుక్కుని పరుగెత్తేవాణ్ణి రన్నింగ్ బ్యాక్ అంటారు. ముప్పై వచ్చిందంటే వాడు ముసలాడికిందే లెక్క. మన వైపు ఆ వయసుకి కొందరికి పెళ్లిళ్లే కావు, ఇక్కడ వీడికి రిటైర్మెంటట! వినగానే నాకు ఒళ్లు మండింది. రేమండ్‌కి అప్పుడే ముప్పై నిండాయి.

నేను డాక్టర్ని కాదని ఎంత మొత్తుకున్నా "డాక్" అనే పిలిచేవాడు. ఆ ఎండాకాలమంతా కుడి మోకాలు బాగుచేయించుకోవడానికి వచ్చాడు. ఒకరోజు క్లినిక్ వెనక పార్కింగ్ లాట్‌లో పరుగెత్తి చూపించాడు.

"ఇంత స్పీడుంటే మీకేం భయం?" అన్నాను.

"అందరూ స్పీడే చూస్తారు డాక్. వయసొస్తే ముందు పోయేది అది కాదు. మంచి పరుగులో ఉన్నవాడు ఉన్నట్టుండి పక్కకి తిరగడం, అది పోతుంది. చూడు" అని మళ్లీ పరుగెత్తాడు. ఎడమకి తిరగడానికి కుడికాలు ఊనాలి. ఒక్క అడుగులో తిరగాల్సిన చోట రెండు పొట్టి అడుగులు వేశాడు. "ఆ రెండో అడుగులోనే నన్ను పట్టేస్తారు. ఇది నీకొక్కదానికే చూపించాను, ఎక్కడా అనకు."

నేను మాట ఇవ్వలేదు, కాదనీ అనలేదు. కాలేజీలో నాకెవరూ నేర్పని విద్య అది. అప్పటినుంచి ఎవరొచ్చినా నడక చూడటం మానేసి, ఎక్కడ తడబడి తిరుగుతున్నారో చూడటం మొదలుపెట్టాను. కానీ రేమండ్ మోకాలు రోజూ నా చేతికి చెబుతూనే ఉంది. లోపల లిగమెంటు వదులైపోయింది. ఆ రెండో అడుగులో ఎవడైనా గుద్దితే ఇక జన్మలో సరిగా నడవలేడు.

సీజన్‌కి ముందు అతన్ని ఉంచాలో తీసేయాలో తేల్చడానికి టీమ్ ట్రైనర్ వస్తున్నాడని తెలిసింది. ఇంట్లో చెబితే మా ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపారు.

"నీ జాబ్ నువ్వు చేసుకో సుజాతా. ఆ టీమ్ వాళ్లతో పెట్టుకోకు. గ్రీన్‌కార్డ్ ఇంకా ప్రాసెస్‌లో ఉంది, మర్చిపోయావా?"

ట్రైనర్ స్టాప్‌వాచ్ పట్టుకుని పార్కింగ్ లాట్‌లో నిలబడ్డాడు. రేమండ్ తిన్నగా పరుగెత్తాడు. అబ్బ, ఏం పరుగని! ట్రైనర్ మొహం వెలిగిపోయింది. భుజం తట్టి, "క్యాంప్‌లో కలుద్దాం" అన్నాడు, అంటే టీమ్‌లో ఉంచినట్టే. తర్వాత మర్యాదకి నావైపు తిరిగి, "నువ్వేమైనా చెప్పాలా?" అని అడిగాడు.

రేమండ్ నన్నే చూస్తున్నాడు.

"ఒకసారి ఎడమకి తిరగమనండి" అన్నాను.

రేమండ్ పరుగెత్తాడు. ఈసారి పట్టుదలకి పోయి ఒక్క అడుగులోనే తిరగబోయాడు. మోకాలు మడతపడి, చెయ్యి నేలకి ఆనింది. నేను ముందుకెళ్లేలోపే తనంతట తను లేచాడు. ట్రైనర్ స్టాప్‌వాచ్ జేబులో పెట్టుకున్నాడు.

నా ఉద్యోగం పోలేదు. అతనిది పోయింది. ఇక నా మొహం చూడడనుకున్నాను. కానీ పేపర్లో వార్త వచ్చిన మర్నాడే అపాయింట్‌మెంట్ టైముకి వచ్చి బల్లమీద కూర్చున్నాడు.

"నమ్మి నీకు చూపించిందాన్నే నా మీద వాడావు."

"అవును."

"ఇంకో ఏడాది ఆడేవాణ్ణి."

"ఆడేవారు. ఆ తర్వాత నడిచేవారు కాదేమో."

"అది తేల్చుకోవాల్సింది నేను డాక్."

అంటూనే కుడికాలు నావైపు చాపాడు.

మేం ట్రాయ్ వదిలేదాకా వస్తూనే ఉన్నాడు. మంచిపని చేశావని ఏనాడూ అనలేదు. కబుర్లు మానేశాడు, మోకాలు మాత్రం ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు. ఆ తర్వాత నా సర్వీసులో ఎందరో పేషెంట్లు తమకు నచ్చని నిజం నా నోట విని నా మీద మండిపడ్డారు. ఒక్కరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. మళ్లీ ఎప్పుడొస్తారని అడిగేదాన్ని, చాలామంది వచ్చేవాళ్లు. నా వల్ల అతను ఇన్నేళ్లూ నిక్షేపంగా నడిచి ఉంటాడని మా ఆయన ఓదారుస్తారు. నడిచే ఉంటాడు. కానీ ఆ ఒక్క ఏడాది అతని సొంతం, దాన్ని తీసుకున్నది నేను.