చిన్నవాళ్ళు ముందు, మేడమ్ ఆఖరున

మేడమ్ గుండెపోటుతో పోయారని పోయిన సోమవారం పొద్దున ఆఫీసుకు వెళుతుండగా టీమ్ వాట్సాప్ గ్రూపులో చూశాను. ఆ వార్త కిందే ఒకరు దండం బొమ్మ పెట్టారు. ఇంకొకరు ఈ వారం సాఫ్ట్‌వేర్ రిలీజ్ వాయిదా పడుతుందా అని అడిగారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

ఆవిడ మా మేనేజరు. బోరబండలో పుట్టి పెరిగి, నల్లగండ్లలో భర్తతో, ఇద్దరు ఆడపిల్లలతో ఉండేవారు. మీటింగుల్లో ఆవిడకో పద్ధతి ఉండేది. ఏ సమస్య వచ్చినా అందరికన్నా కొత్తగా చేరినవాళ్ళు ముందు మాట్లాడాలి, ఆవిడ ఆఖరున. వైజాగ్ నుంచి వచ్చిన కొత్తలో నేను బెరుగ్గా, "పెద్దవాళ్ళు చెప్పాక చెబుతానండి" అన్నాను.

"పెద్దోళ్ళు చెప్పినంక నువ్వేం చెప్తవమ్మా? అవునవును అంటవు, గంతే," అన్నారు. "మా ఇంట్ల ఇద్దరు కొట్లాడుకుంటే పెద్దదాన్ని ముందు అడిగిన అనుకో, చిన్నది ఇగ నోరు తెరవది. అందుకే చిన్నదాన్నే ముందు అడుగుత."

ఆ రోజు నేను నసుగుతూ చెప్పిన దాన్నిబట్టే ప్రోగ్రాములో తప్పెక్కడుందో దొరికింది. ఎవరినైనా మందలించాల్సి వస్తే ముందు తన టిఫిన్ డబ్బాలోని సర్వపిండి ముక్క వాళ్ళ ముందుకు జరిపేవారు. "ఆకలి మీదున్నోనికి తిట్టు ఇనవడతది, మాట ఇనవడది" అనేవారు. మీ ఆఫీసులోనూ ఇలాంటివారు ఒకరు ఉండే ఉంటారు, కాస్త చూడండి.

ఏటా మహిళా దినోత్సవానికి పైవాళ్ళు ఆవిడను స్టేజీ ఎక్కించి, తల్లిగా నేర్చుకున్న నాయకత్వం గురించి మాట్లాడించి చప్పట్లు కొట్టేవారు. ఆవిడ పద్ధతికి ఇంగ్లీషు పేరొకటి తగిలించి ట్రైనింగులో పెట్టారు. తీరా డైరెక్టరు పదవి ఖాళీ అయితే, "మీరు టీముకు అమ్మలాంటివారు, ఆ కుర్చీకి లీడర్ కావాలి" అన్నారు. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నాయనకే ఆ కుర్చీ ఇచ్చారు. ఆ ట్రైనింగు చెప్పేదీ ఆయనే. సొమ్మొకడిది, సోకొకడిది.

నేను గొడవ చేయబోతే ఆవిడే ఆపారు. "పరేషాన్ గాకు. అమ్మ అంటే తిట్టు గాదు. గాని గా మాట జెప్పే తలుపు మూసిన్రు, అది నేను మర్వ. ఆ కుర్చీల కూసుంటే పైవాళ్ళ ముందట గూడ చిన్నోళ్ళనే ముందు మాట్లాడిస్తుంటి." ఆ పదవి ఆవిడకు ఎంత కావాలో నాకు అప్పుడు తెలిసింది. తర్వాత ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

నిన్న ఆఫీసులో సంతాప సభ పెట్టారు. ఆవిడ పిల్లలిద్దరినీ ముందు వరుసలో కూర్చోబెట్టారు. మొదట వైస్ ప్రెసిడెంటు మాట్లాడాడు, ఆ తర్వాత డైరెక్టరు. చిన్నవాళ్ళను ముందు మాట్లాడనివ్వడం ఆవిడ మనకిచ్చిన వారసత్వమని డైరెక్టరు చాలాసేపు చెప్పాడు. ఆవిడ టీములో ఒక్కరికీ వంతు రాలేదు. చివరికి చిన్నమ్మాయి తనే లేచి నిలబడింది. అప్పటికే తర్వాతి మీటింగుకు గది బుక్ చేసుకున్నవాళ్ళు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని అద్దాల తలుపు బయట మూగారు. "సారీ, టైమ్ అయిపోయిందండి" అంది హెచ్ఆర్ అమ్మాయి. పిల్ల మళ్ళీ కూర్చుంది.

లిఫ్టులో ఆ అక్కచెల్లెళ్ళతో పాటు నేనూ దిగాను. "ఇప్పుడు చెప్పవే, ముందు నువ్వే కదా చెప్పాలి" అని అక్క బతిమాలింది. తలుపు తెరుచుకోగానే చెల్లెలు బయటికి నడిచింది.

కింద లాబీలో పెద్ద తెర మీద మేడమ్ ఫోటో వేశారు. దాని కింద 'మా లీడర్‌కు నివాళి' అని రాసి ఉంది. చిన్నది ఆ మాట చదివి ఆగిపోయింది.

"అమ్మ ఉన్నప్పుడే ఈ మాట అంటే వీళ్ళకేం పోయేదక్కా?"

అక్క జవాబు చెప్పేలోపే తెర మారి ఫుడ్ కోర్టు బిర్యానీ ఆఫర్ వచ్చింది. అమ్మ మళ్ళీ వస్తుందేమోనని ఆ పిల్ల అటే చూస్తూ నిలబడింది.