బొంబాయి హాల్లో నా ముకర్రర్

రాష్ట్రాల హద్దులు మార్చిన ఆ రోజుల్లో ఊరు కదలకుండానే రాష్ట్రం మారిపోయిన ఘనులం మేము. నిన్నటిదాకా రాజూరా నుంచి హైదరాబాదుకు ఉర్దూలో అర్జీలు రాసినవాణ్ణి, ఇక బొంబాయికి మరాఠీలో రాయాలన్నారు. నా కొత్త గుమాస్తా ఉద్యోగపు కాగితాలు ఏ రాష్ట్రంలో చిక్కుకున్నాయో తేలక, చివరికి నేనే బొంబాయి పోవలసి వచ్చింది. మా దగ్గరి పట్నం చాందాలో, బాబుపేట్‌లో బట్టల కొట్టున్న మా మామ, సరుకు కోసమంటూ తోడొచ్చాడు. (సరుకు ఒక వంక. పిల్లనిచ్చే ముందు పట్నంలో నా వాలకం చూద్దామని అసలు ఉద్దేశం. నాది ఆగని నోరని ఆయన దిగులు. నాకేమో మరదలంటే ప్రాణం.)

పని అయ్యాక, మామకు సరుకిచ్చే సేటు ఓ పాతకాలపు సంగీతశాలకు టికెట్లిచ్చాడు. రాతి మెట్లు, ఆకాశమంత కప్పు, ఎర్ర మఖ్మల్ కుర్చీలు. "అల్లుడా, జర నోరు కట్టేసుకొని కూసో. ఇజ్జత్ తీయకు," అన్నాడు మామ. సరేనన్నాను. వేదిక మీద ఓ దొర పియానో వాయించడం మొదలుపెట్టాడు. అబ్బ, ఏం వాయించాడు! కానీ అంతమందిలో ఒక్కరైనా కిక్కురుమంటేనా! వాయింపు పూర్తయ్యేదాకా చప్పుడు చేయకపోవడమే అక్కడి మర్యాదని నాకేం తెలుసు? మా వైపు ఉర్దూ కవుల ముషాయిరాల్లో కవిత చదివినవాడికి వాహ్వా అనకపోతే అవమానించినట్టే లెక్క. ఇంత పెద్ద మనిషిని ఇందరూ కలిసి ఇలా చిన్నబుచ్చుతున్నారే అనిపించింది నాకు. ఓర్చుకున్నాను, ఓర్చుకున్నాను. ఆయన వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. అంతే, లేచి నిలబడి చెయ్యెత్తి "వాహ్వా! ముకర్రర్!" అని అరిచాను. (ఇంకోసారి వినిపించమని వేడుకోవడం అన్నమాట.)

హాలు హాలంతా నావైపు తిరిగింది. మామ కండువా మొహం మీదికి లాక్కున్నాడు. దొర నన్ను చూసి, చిన్నగా తల వంచి, మళ్లీ వాయించసాగాడు. నేను కూలబడ్డాను. మరదలు ఇక దక్కదని తెలిసిపోయాక, ఆ తరవాతి సంగీతం ఒక్క ముక్కా నా చెవికెక్కలేదు.

బయటికొచ్చి ట్రాము కోసం నిలబడ్డాం. మామ కండువా సర్దుకుంటూ ట్రాము వచ్చే దారికేసే చూస్తున్నాడు.

"తప్పయింది మామా," అన్నాను.

"ఇజ్జత్ అయితే తీసినవ్," అన్నాడు. "గాయన మనకేమైతడురా? చిన్నబోతడని నీ పానం ఆగలే. నా బిడ్డ దినాం రెండు పూటలు వండి పెడ్తది. మంచిగుంటే మంచిగుందని నోరిప్పి చెప్పెటోడే కావాలె దానికి. పిల్లనిస్త, పో!" అన్నాడు.

ఆ ట్రాములో నేను కూర్చున్నానో, గాల్లో తేలానో గుర్తులేదు.

తరవాత జీతం పెరిగింది, వయసు పెరిగింది, పట్నం మర్యాదలూ బాగానే వంటబట్టాయి. మొన్న పేపరు చూసుకుంటూ చింతచిగురు పప్పన్నం మాటా పలుకూ లేకుండా తినేసి లేవబోతుంటే, మా ఆవిడ గరిటె పట్టుకుని అడ్డం నిలబడింది.

"ఏందయ్యా, గిదేమన్న బొంబాయి హాలా?"

పేపరు మడిచి పక్కన పెట్టాను. మళ్లీ కూర్చుని, కంచం ముందుకు జరిపి "ముకర్రర్" అన్నాను. గొంతు మునుపటిలా లేవలేదు గానీ, ఆమెకు వినబడింది.