బావ లెన్సు ఎక్కని కెమెరా

వానలు ముదిరాక మొన్న కెమెరా డబ్బా మూత తీసి చూస్తే, తేమ పీల్చడానికి అందులో వేసిన గుళికలు నీలం నుంచి గులాబీ రంగుకు తిరిగాయి. అలా తిరిగితే వాటిని మూకుడులో వేసి సన్న సెగ మీద వేడి చేయాలి. ఆ పనిలో ఉండగా, ఒకప్పుడు మా బడిలో నాతో కలిసి పనిచేసిన చిన్న టీచరు వేల్పూర్ నుంచి ఫోన్ చేసింది. "మేడం, కెమెరా తీసుకుందామనుకుంటున్న. మల్లమల్ల మార్చే పని లేకుంట ఏ కంపెనీది తీస్కోవాలె?" అంది. "నీకు దగ్గరి వాళ్లు ఏది వాడుతున్నారో ముందు అది కనుక్కో" అన్నాను. "గంతేనా మేడం?" అని సాగదీసింది. తెలిసిన విషయం దాచిపెట్టి మాట దాటేస్తున్నానని ఆ పిల్లకు అనుమానం వచ్చినట్టుంది. రానీ. ఆ అనుమానం నాకు బాగా దగ్గరి చుట్టం.

ముప్పై ఏళ్లు పరీక్ష హాళ్లలో కాపలా కాసినదాన్ని నేను. దిక్కులు చూసే పిల్లాడి కంటే తల దించుకుని బుద్ధిగా రాసేవాడి మీదే నాకు అనుమానం ఎక్కువ. ఉద్యోగం అయిపోయాక నాకో కోరిక పుట్టింది. బోధన్‌లో మా చర్చి వెనక గల్లీలో ఇరవై రెండు ఇళ్లున్నాయి. అందరం మెథడిస్టులమే. కోతకాల పండుగ నాడు ప్రతి ఇంటివాళ్లూ తమ పంటలో కొంత చేతుల్లో పట్టుకుని చర్చికి నడుస్తారు. కొందరు మక్కకంకులు, కొందరు పసుపు కొమ్ములు తెస్తారు. పొలం లేనివాళ్లు కోడిపుంజునో గుమ్మడికాయనో తెస్తారు. ప్రార్థన అయ్యాక అవన్నీ హర్రాజు వేస్తారు. మనం ఇచ్చిన గుమ్మడికాయను మనమే పాడుకుని ఇంటికి తెచ్చుకోవడం కూడా ఉంది. చర్చికి బయలుదేరే ముందు ఒక్కొక్క కుటుంబాన్నీ వాళ్ల గడపలోనే నిలబెట్టి, చేతిలో ఉన్నదానితో సహా ఫొటో తీయాలి, అదీ ఏటా అదే గడపలో పదేళ్లపాటు. షుగర్ ఫ్యాక్టరీ మూతపడ్డాక మా చుట్టుపక్కల చెరకు పోయి వరి వస్తోంది. ఆ మార్పు మా వాళ్ల చేతుల్లో కనబడాలని నా ఆశ.

పదేళ్ల పనికి పదేళ్లు నిలిచే కెమెరా కావాలి. పిల్లనిచ్చేటప్పుడు అటు ఏడు తరాలు ఇటు ఏడు తరాలు చూస్తారంటారు. నేను అంతకంటే ఎక్కువే చూశాను. నిజామాబాద్‌లో ఒక దుకాణదారు "ఇదే ఆఖరి పీస్ మేడం" అన్నాడు. వారం తర్వాత వేరే చీర కట్టుకుని వెళితే ఆ ఆఖరి పీసే మళ్లీ ఆఖరిదైంది. నెట్‌లో వీడియోలు చూస్తే, నోరారా పొగిడిన ప్రతివాడూ చివరికి ఎక్కడ కొనాలో చెప్పేవాడే. రెండు నెలల్లో నాకు తేలింది ఒక్కటే. కెమెరా బాడీ నాలుగైదేళ్లకు పాతబడుతుంది, లెన్సులే మనతో ఉండిపోతాయి. ఒక కంపెనీ లెన్సు ఇంకో కంపెనీ కెమెరాకు ఎక్కదు. కాబట్టి కొనేది కెమెరాను కాదు, దాని వెనకున్న సంసారం మొత్తాన్ని.

ఇక మా బావ. మా అక్క భర్త, నిజామాబాద్‌లో స్టూడియో ఉంది, పెళ్లి ఫొటోలు తీస్తాడు. ఆయనా, ఆయన జతగాళ్లు ముగ్గురూ ఒకే కంపెనీవి వాడతారు. ముహూర్తాల రోజుల్లో ఒకరి లెన్సు ఇంకొకరి మెడలో తిరుగుతుంటుంది, ఏది ఎవరిదో వాళ్లకే తెలియదు. నేను అడగకముందే బావ సలహా ఇచ్చాడు. "మేమందరం వాడేదే తీస్కో టీచరమ్మ. అక్కరకొస్తది." అడగకుండా వచ్చిన సలహా! నాకు వెంటనే మా అమ్మ అక్కకిచ్చిన ఇత్తడి గంగాళం గుర్తొచ్చింది. బావ దాన్ని ఎవరింటి ఫంక్షన్‌కో ఇచ్చాడు, అది ఇప్పటికీ తిరిగి రాలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే సామెత కాదు, మా ఇంట్లో జరిగిన సంగతి. ఓహో, నా కొత్త లెన్సు మీద పడిందన్నమాట కన్ను, అనుకున్నాను. హైదరాబాద్ వెళ్లి, మా జిల్లాలో ఎవరి దగ్గరా లేని కంపెనీది వెతికి కొన్నాను. ఉన్నదంతా పెట్టి ఒకటే మంచి లెన్సు తీసుకున్నాను. బావ దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, "మంచిగుంది గానీ తోడు లేకుంట ఒంటిపిల్లి రాకాసి లెక్క తెచ్చుకున్నవ్" అన్నాడు. అది ఓటమిలో పుట్టిన మాట అని సంబరపడ్డాను.

రెండేళ్లు బాగా గడిచాయి. గల్లీ చివరి ఇల్లు మా పెద్దమ్మది. కాలువ కింద ఆమెకు చిన్న పొలం చెక్క ఉంది. గల్లీవాళ్లందరిలో చెరకు పండేది ఆ ఒక్క చెక్కలోనే. ఏటా ఒకే ఒక్క గడ, ఆకు కొయ్యకుండా, వేళ్ల మట్టి దులపకుండా పట్టుకుని, తనకంటే ఎత్తైన ఆ గడ పక్కన నిలబడేది. నా ఫొటోలన్నిటిలోకీ నాకు ప్రాణం ఆ రెండే.

మూడో ఏడు పండుగ పొద్దున, మొదటి ఇంటి ముందు బటన్ నొక్కగానే లెన్సు కిర్రుమంది. తెర నల్లబడింది. తీసి పెట్టాను, తుడిచాను, ప్రార్థన కూడా చేశాను. లాభం లేకపోయింది. చర్చి గంటకు ఇంకా గంటన్నర ఉంది. బావకు ఫోన్ చేశాను. ఆయన పెళ్లిలో ఉన్నాడు, వెనక బ్యాండు మోగుతోంది.

"కెమెరాలన్నీ పెండ్లిళ్లకు పోయినయి" అన్నాడు. "లెన్సులు రెండు స్టూడియోల ఖాళీగనే ఉన్నయి. గంటల బోధన్ పంపుదును. గానీ నీదానికి ఎక్కయి కద."

నవ్వుతున్నాడేమోనని చెవి రిక్కించాను. నవ్వడం లేదు.

"ఫోన్ల తీయి టీచరమ్మ. ఇయ్యాల్టిది ఇయ్యాల్నే తీయాలె."

రెండేళ్లు అంత మంచి లెన్సుతో తీసి, ఇప్పుడు ఫోన్‌తోనా? నాకది తలవంపులనిపించింది. ఒట్టి పొగరు, ఇంకోమాట లేదు. లెన్సు బాగు చేయించి పై ఆదివారం తీస్తాను, మళ్లీ ఇలాగే నిలబడండి అని గల్లీ అంతా తిరిగి చెప్పాను. అందరూ సరేనన్నారు. అన్నట్టే పై ఆదివారం కొత్త గుమ్మడికాయలతో, పక్కింట్లో అడిగి తెచ్చుకున్న కోళ్లతో నిలబడ్డారు కూడా. ఒకే కోడిపుంజు మూడు గడపల్లో పడింది. పెద్దమ్మ మాత్రం ఒట్టి చేతులతో అరుగు మీద కూర్చుని ఉంది.

"గడ ఏది పెద్దమ్మా?"

"ఇచ్చిన గద బిడ్డా, పోయిన ఐతారం."

"ఇంకొకటి కోసుకొస్తే? ఫొటో కోసమే."

"ఫొటో కోసం దేవునికిస్తున్నట్టు నిలబడుమంటవా? దేవునికాడ గూడ డూప్లికేటేనా?" అని నవ్వింది. "వచ్చేయేడు తీద్దువు తీ."

ఆ యాసంగి పంటకు ఆమె కొడుకు చెరకు మోళ్లు తవ్వించి వరి నాటించాడు. కొనే ఫ్యాక్టరీ లేనప్పుడు ఎన్నాళ్లని పండిస్తాడు, ఆయన్ను అనడానికి లేదు. ఆ కబురు విన్న రోజు నేను వంటింట్లో తలుపేసుకుని ఏడ్చాను. తర్వాత ఒకరోజు బావను సూటిగానే అడిగాను, నా లెన్సు మీద ఆశతోనే కదా ఆ సలహా ఇచ్చింది అని. ఆయన దాచలేదు. "నీది నాకు పనికొస్తదనుకున్న, అబద్ధమెందుకు? నాది నీకు పనికొస్తదని గూడ అనుకున్న." అనుమానంలో మొదటి సగం నేను సరిగ్గానే పట్టుకున్నాను. రెండో సగం అసలు ఉంటుందనే నాకు తోచలేదు.

నాలుగో ఏడు కోతకాల పండుగకు పెద్దమ్మ అదే గడపలో వరిపన పట్టుకుని నిలబడింది. ఫొటో నిజంగా బాగా వచ్చింది, అందులో ఆమె నవ్వుతోంది. ఆల్బంలో దానికి ముందు పేజీ ఖాళీగానే ఉంది, ఇంకేదీ అంటించడానికి నాకు మనసు రాలేదు. వచ్చేయేడు అన్నాము, మాట తప్పకుండా వచ్చేయేడు వచ్చింది. చెరకు రాలేదు.