గడియ పెట్టని తలుపు

మా వదిన పోయిందన్న కబురు మధ్యాహ్నం పూట వచ్చింది. గిన్నెలు తోమి బోర్లించి, టీవీ ముందు పీట వేసుకుని కూర్చున్నాను. మూడున్నర సీరియల్ మొదలవబోతోంది. ఆ వేళకు రోజూ మస్కట్ నుంచి వదిన ఫోన్ చేస్తుంది. ఫోన్ మోగింది. వదిన కాదు, నిజామాబాద్‌లో ఉన్న వదిన కూతురు.

"అత్తమ్మా, ఇంట్ల ఇంకెవలున్నరు?"

"ఎవలు లేరు బిడ్డా. ఏమైంది?"

"పక్కింటామెను పిలువు. ఆమె వచ్చినంక చెప్త. ఫోన్ పెట్టకు."

గుమ్మంలోకి వెళ్లి పక్కింటామెను కేకేశాను. పక్కింటామె పిండి చేతులతో వచ్చి నా పక్కన కూర్చుంది. అప్పుడు చెప్పింది ఆ పిల్ల. "అమ్మ పోయిందట. గదిల పడిపోయిందట. నాకు గింతే తెలిసింది." ఈ పక్కింటామెను పిలిపించే తతంగం ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. కొంచెం కోపం కూడా వచ్చింది.

మా వదిన అంటే మా ఆయన అక్క. మొగుడు చిన్న వయసులోనే పోతే కూతుర్ని పెంచడానికి గల్ఫ్ వెళ్లి, మస్కట్‌లో ఒక పెద్దింట్లో వంట చేస్తూ అక్కడే ఉండిపోయింది. ఆ ఇంటి వెనక, ప్రహరీ గోడకు ఆనించి, ఆమెకొక గది ఇచ్చారు. గదిలో పడిపోయిందట అన్న మాట నా గొంతులో ముల్లులా దిగింది. ఎంతసేపు పడి ఉందో, ఎవరినైనా పిలిచిందో, పిలిస్తే ఆ ఎండలో ఎవరికి వినిపించిందో. ఆమెను పెట్టెలో పెట్టి విమానంలో ఇంటికి చేర్చారు, ఊరికి తీసుకెళ్లి చెయ్యాల్సినవన్నీ చేశాం, ముఖం కూడా చూశాను. నిద్రపోయినట్టే ఉంది. అయినా ఆ ముల్లు కదల్లేదు. చివరికి ఒక గుక్క నీళ్లు ఇచ్చినవాళ్లున్నారా అన్నదే నా బాధ.

పుట్టినప్పటి నుంచి నేను ఇంతే, దేనికైనా భయపడతాను. గ్యాస్ ఆపి మళ్లీ చూస్తాను, మెట్లు దిగి మళ్లీ ఎక్కి చూస్తాను. మా అమ్మాయి హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనంలో హౌస్‌కీపింగ్ పని చూసుకుంటుంది. అక్కడి నుంచి మా హఫీజ్‌పేట్‌కు రైల్లో వస్తుంది. రైలు కూత వినపడి, తర్వాత గేటు చప్పుడు వినపడేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండదు. ఇంట్లో అమ్మాయి, అల్లుడు, అందరూ నన్ను భయపడకు, భయపడకు అంటారు. అలా అంటే భయం పోతుందా?

ఆ మాట నాతో ఎప్పుడూ అననిది మా వదిన ఒక్కతే.

ఇప్పుడు మా అమ్మాయి పనిచేసే చోట భవనాలు లేస్తున్న కాలంలో వదినా నేనూ అక్కడే సిమెంటు తట్టలు మోశాం. మా ఆయన గోడలు కట్టేవాడు. ఆమె ఇంకా గల్ఫ్ వెళ్లలేదు. చుట్టూ బండలే, ఒక్క చాయ్ బండి ఉండేది. పై అంతస్తుకు చెక్క పలకల మీదుగా ఎక్కాలి. కిందికి చూస్తే నాకు అడుగు ముందుకు పడేది కాదు. వదిన నా ముందు నడిచేది. పలక మీద ఒక కాలు పెట్టి, ఒళ్లు బరువంతా వేసి చూసి, "ఇది గట్టిదే, రా" అనేది. వదులుగా ఉంటే వెనక్కి తిరక్కుండానే చెప్పేది.

"ఇది ఊగుతది పిల్లా. భయపడు, కాని రా."

భయపడ్డాను, కానీ వెళ్లాను. ఆ మాట ఇన్నేళ్లూ నాకు పనికొచ్చింది. మా ఆయన పోయినప్పుడు, అమ్మాయి కాన్పుకు దవాఖాన బయట కూర్చున్నప్పుడు నాలో నేను అదే అనుకున్నాను.

వదిన మస్కట్ వెళ్లాక మొదట్లో తెలుగు టీవీ చూసే వీలు లేక ముఖం వాచిపోయింది. సెలవు మీద వస్తే ప్రకటనలు కూడా వదలకుండా చూసేది. తర్వాత ఇంటర్నెట్‌లో మన చానళ్లు అక్కడికీ వస్తున్నాయని మా అమ్మాయి చెప్పింది. ఫోన్‌లోనే ఇది నొక్కు, అది నొక్కు అని చెప్పి చెప్పి పెట్టించింది. ఆ ఇంటి పెద్దావిడ తమ పాత టీవీ ఒకటి వదిన గదిలో పెట్టించిందట. నాకు మళ్లీ గుబులు. పరాయి దేశంలో మన టీవీ చూస్తే పోలీసులు పట్టుకుంటారేమో అన్నాను. "చందా కట్టి చూస్తున్నరమ్మా, దొంగతనం కాదు" అని మా అమ్మాయి తల పట్టుకుంది.

ఇక్కడ మూడున్నర అయితే అక్కడ రెండు. అన్నాలు తిని ఇల్లంతా నిద్రపోయే వేళ. వదినకు అదే తీరిక. ఆమె అక్కడ, నేను ఇక్కడ, ఫోన్ పెట్టుకుని ఒకే సీరియల్ చూసేవాళ్లం.

మొదటి రోజే ఒక సంగతి బయటపడింది. సీరియల్లో కడుపుతో ఉన్న కోడలు నూనె ఒలికిన మెట్ల మీద కాలు పెట్టింది. "అయ్యో" అన్నాను నేను.

"ఏమైందే? చెయ్యి కాల్చుకున్నవా?" అని వదిన కంగారుపడింది.

"నేను కాదు వదినె, ఆ పిల్ల. మెట్ల మీద జారింది."

"ఏ పిల్ల? ఇక్కడ ఇంక పూజ గదిలనే ఉంది గద."

ఇద్దరం టీవీ వైపే చూస్తూ ఉన్నాం. ఒక ముద్ద నమిలి మింగేంత సేపటికి అటు నుంచి వదిన గొంతు వచ్చింది. "ఆఁ, ఇగో, జారింది." మా కేబుల్లో ముందు వస్తుందట, ఇంటర్నెట్‌లో అక్కడికి చేరేసరికి కాస్త ఆలస్యమవుతుందట. అలా నేను ముందూ ఆమె వెనకా అయ్యాం.

అప్పుడు వదిన నాకొక కట్టుబాటు పెట్టింది. "ఏం జరిగిందో చెప్పకు. కాని నీ అయ్యో మాత్రం ఆపకు. అది వినపడితే నేను పళ్లెం పక్కన పెట్టుకుంట. వినపడకపోతే నిమ్మళంగ తింట." నాకు అయ్యోలు ఆపడం ఎలాగూ రాదు. చిన్నదానికి అయ్యో, పెద్దదానికి వామ్మో. వదిన అటు నుంచి లెక్కగట్టి, "ఇయ్యాల వామ్మో రాలే. సీరియల్ చప్పగున్నది" అనేది.

ప్రకటనలు వచ్చినప్పుడు నా కష్టసుఖాలు చెప్పుకునేదాన్ని. అల్లుడి గురక, నా మోకాళ్లు, నీళ్ల ట్యాంకరు రాని రోజు, అన్నీ. ఆమె వినేది, ఒక్కోసారి మంచి చిట్కా చెప్పేది. ఫోన్ పెట్టేముందు మాత్రం నేను రోజూ ఒకటే అడిగేదాన్ని.

"ఒక్కదానివే ఉంటవు. గడియ పెట్టుకోకు వదినె. ఏమన్న అయితే ఎవలు తీస్తరు?"

"పెట్టలే. నిన్నటి తలుపే, నిన్నటి లెక్కనే తీసి ఉంది."

"తీసి పెడితే దొంగలు రారా?"

"వస్తే కూసోమంట. వాళ్లు గూడ సీరియల్ చూస్తరు."

అప్పుడప్పుడు ఆమె వెనక ఏవో చప్పుళ్లు వినిపించేవి. ఒకసారి ఎవరో దగ్గారు. ఎవరది అంటే, టీవీలో దగ్గాడంది. నా టీవీలో ఎవరూ దగ్గలేదు. ప్రకటనలు అక్కడివి వేరేమో అనుకున్నాను. ఇంకోసారి గాజులు గలగలమన్నాయి, అదీ టీవీయే అంది. నేను నమ్మాను. ఒంటరి మనిషి టీవీ గట్టిగా పెట్టుకుంటుంది పాపం అని మరింత దిగులుపడ్డాను.

దినాలయ్యాక ఒక మధ్యాహ్నం మా ఇంటికి ఒకామె వచ్చింది. కడప వైపు మనిషి. మస్కట్‌లో వదిన ఉండే ఇంటికి ఎదురింట్లో పనిచేస్తుందట. సెలవు మీద ఖాజాగూడలో తమ్ముడింటికి వచ్చి, అడ్రసు కనుక్కుని వచ్చింది. చేతిలో ఖర్జూరాల పొట్లం. అప్పుడే గుమ్మం కడిగాను.

"అయ్యో, తడి ఉంది, జారుతవమ్మా" అన్నాను.

ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. నవ్వింది, కళ్లు తుడుచుకుంది. "ఇదే గొంతు. నువ్వేనా అయ్యో అక్కవి?"

నాకేమీ అర్థం కాలేదు. కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. ఆమె చెప్పుకొచ్చింది.

"మీ వదినమ్మ గదిలో మేమంతా ఉంటాంటిమి అక్కా. ఆ వీధిలో పనిచేసే మన ఆడోళ్లమంతా. మా దొరసానులు పండుకున్యాక ఎవురి పళ్లెం వాళ్లు పట్టుకోని ఆడికే పోతాంటిమి. తెలుగు టీవీ ఆయమ్మ గదిలోనే కదా ఉండేది. మధ్యలో నీ ఫోన్ పెట్టుకోని కూర్చుంటాంటిమి. నువ్వు అయ్యో అన్యావంటే చాలు, వస్తాంది వస్తాంది అని పళ్లేలు కింద పెట్టేది. వామ్మో అంటే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునేది."

"మరి నాకు చెప్పలేదేందమ్మా?"

"చెప్పనిస్తేనా ఆయమ్మ? 'మీరంతా ఉండారని తెలిస్తే మా మరదలు సిగ్గుపడి నోరు తెరవదు, అప్పుడు మీకూ లేదు నాకూ లేదు, గమ్మునుండండి' అనేది. దగ్గొచ్చినా కొంగు అడ్డం పెట్టుకుంటాంటిమి. అవునూ, మీ అల్లుడికి గురక తగ్గిందా?"

నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేను చెప్పుకున్నవన్నీ గదినిండా జనం విన్నారు. మోకాళ్లకు వాము కాచిన నూనె రాసుకోమని వదిన చెప్పిన చిట్కా కూడా ఈమెదేనట. "తగ్గినాయా?" అని వంగి నా మోకాలు పట్టుకుని చూసింది. సిగ్గుపడాలో నవ్వాలో తెలియక నవ్వేశాను. అప్పటిదాకా మింగుడుపడని ప్రశ్న అప్పుడే బయటికి వచ్చింది.

"ఆ రోజు గదిల ఎంతసేపు పడి ఉందమ్మా?"

"పడి ఉండడమేంది? నేనుంటి కదా. ఆ పొద్దు ఒళ్లు బాగలేదనింది, చూద్దామని పోతిని. లేచి నిలబడబోయి తూలింది. తల నేలకు తగలకుండా పట్టుకున్యా. నీళ్లు తాపినాను, తాగింది. అరిస్తే నలుగురొచ్చిరి. ఆ ఇంటి పెద్దమ్మ కారు తీయించింది. ఆసుపత్రికి పోయేదాకా నా ఒళ్లోనే తల పెట్టుకోనుండె. దోవలోనే నీ మాట చెప్పింది."

"ఏం చెప్పింది?"

"మూడున్నరకు అది టీవీ చూస్తాంటాది. దానికి చెప్పండి, భయపడితే పడనీ. కానీ ఒక్కతే ఉన్నప్పుడు చెప్పొద్దండి, పక్కన మనిషిని పెట్టి చెప్పండి అనింది. నేనే ఫోన్‌లో కూతురికి ఆ మాట అప్పజెప్పినా. మిగతాది చెప్పేలోపల లైను తెగిపోయింది. పెట్టె ఎక్కించే హడావుడిలో మళ్లా కుదరలేదు."

పక్కింటామె పిండి చేతులు గుర్తొచ్చాయి. అది కూడా వదిన ఏర్పాటే. నేను కాలు పెట్టే ముందు ఆ పలకను కూడా ఆమె తొక్కి చూసి పెట్టింది. అప్పుడు ఏడ్చాను. అంతకుముందు ఏడ్చిన ఏడుపు కాదిది. గొంతులో ముల్లు ఊడివచ్చింది. నీళ్లు తాగింది, ఒళ్లో తల పెట్టుకుంది, ఆ గదికి ఎప్పుడూ గడియ లేదు. ఆ రాత్రి చాలా కాలానికి నిద్రపట్టింది. గ్యాస్ కూడా ఒక్కసారే చూసుకున్నాను.

వదిన లేని లోటు ఉంది, ఉంటుంది. నా చదువు చిన్నప్పుడే ఆగిపోయింది. ఇది రాసి మా అమ్మాయి చేత దిద్దించాను. పరాయి దేశంలో మీ వాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల వెనక ఏవో గాజులు గలగలమంటే, దిగులుపడకండి అని చెప్పాలనిపించి రాశాను.

కడప ఆమె సెలవు అయిపోయి వెళ్లింది. మొన్న మూడున్నరకు ఫోన్ మోగింది. ఆ వేళకు ఫోన్ మోగి చాలా రోజులైంది, తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని ఎత్తాను.

"అక్కా, టీవీ పెట్టినావా? ఆయమ్మ గది మాకే వదిలిపెట్టింది పెద్దమ్మ. అందరం ఉండాము. ఈసారి దగ్గు వచ్చినోళ్లు దగ్గుతారు, ఏమనుకోవాకు."

ఎవరో నిజంగానే దగ్గారు. అందరూ నవ్వారు. నేను సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. సీరియల్ మొదలైంది. కాసేపటికి పసిబిడ్డను ఎత్తుకున్న ఆ కోడలు, దీపం ఆరిపోయిన గదిలోకి ఒక్కతే అడుగుపెట్టింది. నేను ఆపుకుందామనుకున్నాను. ఆగలేదు.

"అయ్యో."

అటు పళ్లేలు కింద పెట్టిన చప్పుడు వరసగా వినిపించింది. ఒక ముద్ద మింగేంత సేపు నేను ఫోన్ చెవికి ఆనించుకుని ఎదురుచూశాను. ఆ సద్దులేని వేళలో తలుపు కిర్రుమంది. ఆలస్యంగా ఎవరో లోపలికి వచ్చినట్టున్నారు. "జరుగు, జరుగు, అయ్యో వచ్చేసింది" అని ఎవరో గుసగుసగా చోటిచ్చారు. ఆ తలుపు మళ్లీ వేసిన చప్పుడు మాత్రం నాకు వినిపించలేదు.